పిల్లలకు మందు ఇచ్చే ముందు ఒక్క నిమిషం



ఏటా సెప్టెంబరు 17న ప్రపంచ రోగి భద్రతా దినోత్సవం జరుపుకుంటాం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ రోజును ప్రత్యేకంగా మందుల భద్రతకు కేటాయించింది. మన నగరంలో వానాకాలం అంటే వైరల్ జ్వరాల, డెంగీ కేసుల కాలం. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, మియాపూర్‌లలో ఏ పిల్లల క్లినిక్ చూసినా టోకెన్ల వరుస కనిపిస్తుంది. ప్రతి ఇంటి ఫ్రిజ్‌లోనూ రెండు మూడు సిరప్ సీసాలు చేరతాయి. అందుకే ఈ నెల ఆరోగ్య పేజీలో పిల్లల మందుల విషయంలో పొరపాట్లు ఎలా జరుగుతాయో, వాటిని ఆపడంలో తల్లిదండ్రులు ఏం చేయగలరో తెలుసుకుందాం.

నాంపల్లిలో ఏం జరిగింది?

ఈ విషయం మన ఊరికి దూరమైనది కాదు. 2019 మార్చి మొదటి వారంలో నాంపల్లిలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలల పిల్లలకు పెంటావాలెంట్ టీకా వేశారు. ఈ టీకా తర్వాత కొందరు పిల్లలకు ఒళ్లు వెచ్చబడటం మామూలే. జ్వరం వస్తే వేయమని పారాసిటమాల్ మాత్రలు ఇచ్చి పంపుతారు. ఆ రోజు తల్లుల చేతికి వచ్చినవి మాత్రం ట్రమడాల్ మాత్రలు. పెద్దవాళ్లకు ఆపరేషన్ల తర్వాత, తీవ్రమైన నొప్పులకు వాడే మందు అది.

ఇద్దరు పసిబిడ్డలు చనిపోయారు. 30 మందికి పైగా పిల్లలను నీలోఫర్ ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. మొదట చాలామంది టీకానే అనుమానించారు. కానీ టీకాలో లోపం లేదు, దాని వెంట ఇచ్చిన మాత్ర మారింది. రెండు మందుల స్ట్రిప్పులు చూడటానికి దాదాపు ఒకేలా ఉన్నాయని అప్పట్లో వార్తలు వచ్చాయి.

ట్రమడాల్ నల్లమందు జాతికి చెందిన నొప్పి మందుల కోవలోది. శరీరంలోకి వెళ్లాక కాలేయంలోని ఒక ఎంజైమ్ దాన్ని మరింత శక్తిమంతమైన పదార్థంగా మారుస్తుంది. కొందరిలో ఈ మార్పు చాలా వేగంగా జరుగుతుంది. అప్పుడు మెదడులో శ్వాసను నడిపే కేంద్రం మందగిస్తుంది. పిల్లలు మత్తుగా నిద్రపోతున్నట్టే ఉంటారు కానీ ఊపిరి తగ్గిపోతుంటుంది. ఈ కారణంగానే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో, 12 ఏళ్లలోపు పిల్లలకు నొప్పి కోసం ట్రమడాల్ ఇవ్వకూడదని స్పష్టం చేసింది. మన దేశంలో 2018లో దీన్ని మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం పరిధిలోకి తెచ్చారు. అంత జాగ్రత్తగా ఉంచాల్సిన మందు జ్వరం మాత్రగా ఇళ్లకు చేరింది.

ఇలాంటి ఘటన జరిగినప్పుడు "ఎవరిది తప్పు?" అని అడుగుతాం. ఆ ప్రశ్న అవసరమే. కానీ దానితో ఆగిపోతే రేపు ఇంకోచోట ఇదే జరుగుతుంది. మందు కంపెనీ నుంచి పిల్లాడి నోటి దాకా చాలా చేతులు మారుతుంది: గోదాము, మందుల గది, ఫార్మసిస్ట్, నర్సు, చివరికి తల్లి. వీటిలో ఏ ఒక్క చోట ఎవరైనా ఆగి స్ట్రిప్ మీద పేరు చదివినా గొలుసు తెగిపోయేది. స్ట్రిప్ మీద చిన్న ఇంగ్లీషు అక్షరాలు చదివి అది ఏ మందో తేల్చాల్సిన భారం ఆ తల్లుల మీద పెట్టలేం, ఆ బాధ్యత వ్యవస్థది. మీకూ నాకూ మాత్రం చదవగలిగిన వీలుంది. అడగగలిగిన ధైర్యం కూడా ఉండాలి.

పెద్ద ఆసుపత్రుల్లో ఇలా జరగదా?

"అది ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, మేం వెళ్లేది కార్పొరేట్ ఆసుపత్రికి కదా" అనిపించవచ్చు. 2007 నవంబరులో అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో పేరున్న సీడార్స్-సైనాయ్ ఆసుపత్రిలో నటుడు డెనిస్ క్వెయిడ్ కవల పిల్లలకు ఇలాంటి ప్రమాదమే జరిగింది. రోజుల పిల్లలైన ఆ కవలలకు రక్తం గడ్డకట్టకుండా ఉండే హెపారిన్‌ను మి.లీ.కు 10 యూనిట్ల బలంతో ఇవ్వాలి. పొరపాటున ఇచ్చింది మి.లీ.కు 10,000 యూనిట్ల బలం ఉన్నది, అంటే వెయ్యి రెట్లు. రెండు సీసాల లేబుళ్లూ నీలం ఛాయల్లోనే ఉండేవి. అదృష్టవశాత్తూ పిల్లలిద్దరూ బతికారు.

నాంపల్లికీ లాస్ ఏంజెలిస్‌కూ ఎంత దూరమో అంత తేడా ఉన్న రెండు చోట్ల, కారణం మాత్రం ఒకటే. చూడటానికి ఒకేలా ఉన్న రెండు మందులు, తొందరలో చదవకుండా దాటిపోయిన ఒక లేబుల్.

పిల్లల విషయంలో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. పెద్దవాళ్లకు సాధారణంగా ఒకటే మాత్ర, ఒకటే మోతాదు. పిల్లలకు మాత్రం బరువును బట్టి ప్రతిసారీ లెక్క కట్టాలి. లెక్కలో ఒక్క చుక్క తప్పితే చాలు, 0.5 కాస్తా 5 అవుతుంది. మోతాదు పది రెట్లు మారిపోతుంది. అందుకే మందుల భద్రత నిపుణులు 5 అని రాయాల్సిన చోట 5.0 అని రాయవద్దంటారు, ఆ చుక్క కనబడకపోతే 50 అని చదివేస్తారు కాబట్టి. అలాగే .5 అని రాయకుండా ముందు సున్నా పెట్టి 0.5 అని రాయాలంటారు.

భద్రతా నిపుణులు దీన్ని జల్లెడల వరుసతో పోల్చి చూడవచ్చంటారు. ప్రతి జల్లెడకూ రంధ్రాలు ఉంటాయి. ఒక జల్లెడ దాటిన రాయి రెండోదానిలోనో మూడోదానిలోనో ఆగుతుంది. రంధ్రాలన్నీ ఒకే వరుసలోకి వచ్చినప్పుడే రాయి కిందికి జారుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మీకు ఇది కొత్త సంగతి కాదు. ఎంత సీనియర్ రాసిన కోడ్ అయినా ఇంకొకరు రివ్యూ చేయనిదే ప్రొడక్షన్‌లోకి వెళ్లదు. రాసినవారి మీద అనుమానంతో కాదు గదా అలా చేసేది. మంచి ఆసుపత్రుల్లోనూ ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ వంటి ప్రమాదకరమైన మందులను ఇద్దరు విడివిడిగా సరిచూశాకే ఇస్తారు. మీ బిడ్డ విషయంలో చివరి రివ్యూ మీదే.

చీటీ చదవగలుగుతున్నారా?

చేతిరాత అర్థం కాకపోవడం మన దేశంలో పాత సమస్య. దీని మీద పోరాడిన వారిలో మన తెలంగాణ వ్యక్తి ఒకరున్నారు. నల్లగొండలో మెడికల్ షాపు నడిపే చిలుకూరి పరమాత్మ 2014లో హైదరాబాద్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. నోయిడాలో జ్వరంతో వచ్చిన మూడేళ్ల చిన్నారి తప్పు ఇంజెక్షన్ వల్ల చనిపోయిందన్న వార్త ఆయనను కదిలించింది. 2016లో భారత వైద్య మండలి డాక్టర్లందరూ మందుల జనరిక్ పేర్లను చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని నిబంధన తెచ్చింది. అంటే స్పష్టంగా రాయమని అడగడం మీ హక్కు. డాక్టర్ గారి గదిలోంచి బయటికి రాకముందే చీటీ ఒకసారి పైకి చదవండి. చదవలేకపోతే అక్కడే అడగండి. మెడికల్ షాపులో ఊహించి ఇచ్చే పరిస్థితి రానివ్వకండి.

పేర్ల పోలిక ఎంత దగ్గరగా ఉంటుందో చూడండి. లెవోసెట్రిజిన్ అలర్జీకి, లెవెటిరాసిటం మూర్ఛకు, లెవోఫ్లాక్సాసిన్ ఇన్ఫెక్షన్‌కు వాడతారు. మూడూ ఒకే అక్షరాలతో మొదలవుతాయి. బ్రాండ్ పేర్లలో ఈ గందరగోళం మరింత ఎక్కువ.

చీటీ మీద కనిపించే పొట్టి గుర్తులు కూడా తెలిసి ఉండాలి:

• ఓడీ అంటే రోజుకు ఒకసారి.
• బీడీ అంటే రోజుకు రెండుసార్లు.
• టీడీఎస్ అంటే రోజుకు మూడుసార్లు. ఇది జీతంలో కోసే టీడీఎస్ కాదు!
• హెచ్‌ఎస్ అంటే పడుకునే ముందు.
• ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. చాలామంది దీన్ని "అత్యవసరం" అనుకుని క్రమం తప్పకుండా వేస్తుంటారు. జ్వరం లేకపోయినా జ్వరం మందు వేయడం ఇలాగే జరుగుతుంది.
• 1-0-1 అంటే ఉదయం, రాత్రి వేయాలి, మధ్యాహ్నం వద్దు.

జ్వరం సిరప్: ఇంట్లో ఎక్కువగా జరిగే పొరపాటు

మన ఇళ్లలో అందరికీ తెలిసిన మందు పారాసిటమాల్. పొరపాట్లకు ఎక్కువ వీలున్నదీ అదే. ఎందుకంటే పేరు ఒకటే అయినా బలాలు వేరు. మన మార్కెట్లో సాధారణంగా ఇవి దొరుకుతాయి:

• 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్
• 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్
• 1 మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉండే చుక్కల మందు

ఒక ఉదాహరణ చూద్దాం. మీ పాప బరువు 20 కిలోలు. పారాసిటమాల్ ఒక మోతాదుకు సాధారణంగా కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. అంటే 200 నుంచి 300 మి.గ్రా. డాక్టర్ గారు 120 బలం సిరప్‌ను దృష్టిలో పెట్టుకుని "10 మి.లీ." అని రాశారు. అది 240 మి.గ్రా., సరైన మోతాదే. షాపులో ఆ బలం లేక 250 బలం సీసా ఇచ్చారు. ఇంట్లో అదే 10 మి.లీ. పోశారు. ఇప్పుడు పాప కడుపులోకి వెళ్లింది 500 మి.గ్రా. రోజుకు నాలుగుసార్లు, రెండు మూడు రోజులు ఇలాగే సాగితే కాలేయానికి ముప్పు.

చుక్కల మందు విషయంలో భయం ఇంకా ఎక్కువ. పసివాళ్లు ఎక్కువ పరిమాణం మింగలేరు కాబట్టి దాన్ని చిక్కగా తయారు చేస్తారు. "చిన్న పిల్లల మందే కదా, బలం తక్కువే ఉంటుంది" అనుకుని సిరప్‌లా 5 మి.లీ. పోస్తే 500 మి.గ్రా. వెళ్లిపోతుంది. 6 కిలోల పాపాయికి అది గరిష్ఠ మోతాదుకు అయిదు రెట్ల కంటే ఎక్కువ.

కాబట్టి మి.లీ. ఒక్కటే గుర్తుపెట్టుకుంటే చాలదు. మి.గ్రా. కూడా తెలియాలి. "పాప బరువు 20 కిలోలు, ఈ సిరప్ బలం ఇంత, ఎన్ని మి.లీ. వేయాలి?" అని అడగండి. పిల్లల బరువు ప్రతి మూడు నెలలకూ ఒకసారి చూసి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. వీడియో కన్సల్టేషన్‌లో డాక్టర్‌కు మీ పాప కనబడుతుంది గానీ బరువు కనబడదు.

ఇంట్లో తప్పకుండా పాటించాల్సినవి మరికొన్ని:

• కొలత: వంటింటి చెంచాలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. టీ చెంచా అంటే 5 మి.లీ., టేబుల్ చెంచా అంటే 15 మి.లీ., ఒకదాని బదులు ఇంకొకటి వాడితే మూడు రెట్లు. సీసాతో వచ్చిన కొలత మూత లేదా సూది లేని సిరంజి మాత్రమే వాడండి. ఒక మందు డ్రాపర్‌ను ఇంకో మందుకు వాడకండి, గీతలు మారతాయి.

• రెండుసార్లు ఒకే మందు: జలుబు సిరప్‌లు చాలావాటిలో పారాసిటమాల్ ముందే కలిసి ఉంటుంది. దానితో పాటు జ్వరం సిరప్ కూడా వేస్తే ఒకే మందు రెండు పేర్లతో వెళ్తుంది. బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి.

• డెంగీ కాలం: కొన్ని జ్వరం సిరప్‌లలో పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రోఫెన్ కలిసి ఉంటుంది. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వంటివి రక్తస్రావం ముప్పును పెంచుతాయి. డెంగీ కాదని తేలేదాకా డాక్టర్‌ను అడగకుండా వాటిని వేయకండి.

• జలుబు, దగ్గు సిరప్‌లు: క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులు 4 ఏళ్లలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద రాయాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. 2 ఏళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, 5 ఏళ్లలోపు వారికి సాధారణంగా సిఫార్సు చేయరని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ సూచించింది. పెద్దమ్మాయికి రాసిన సీసా మిగిలిందని చిన్నవాడికి పోయడం ఈ కారణంగానే ప్రమాదం.

• పొడి రూపంలో వచ్చే యాంటీబయాటిక్: కాచి చల్లార్చిన నీళ్లు సీసా మీద గుర్తు దాకా పోయాలి. నీళ్లు తక్కువైతే మందు చిక్కబడి మోతాదు పెరుగుతుంది. ప్రతిసారీ బాగా కుదపాలి. కలిపిన తేదీ సీసా మీద రాయండి. లేబుల్ మీద చెప్పిన రోజులు దాటాక మిగిలింది పారేయండి, వచ్చే నెల జ్వరానికి దాచకండి.

ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు?

మన ఇళ్లలో ఒక బిడ్డను చూసుకునే చేతులు చాలానే ఉంటాయి. నాన్న రాత్రి 9 గంటలకు సిరప్ పోసి అమెరికా కాల్‌కు కూర్చుంటారు. అమ్మ ఆఫీసు క్యాబ్ దిగి 10 గంటలకు ఒళ్లు పట్టుకు చూసి మళ్లీ పోస్తుంది. పొద్దున అమ్మమ్మ గారు, మధ్యాహ్నం ఆయా. అందరిదీ ప్రేమే, కానీ లెక్క ఎవరి దగ్గరా లేదు. పారాసిటమాల్ మోతాదుల మధ్య కనీసం 4 నుంచి 6 గంటల వ్యవధి ఉండాలి, 24 గంటల్లో నాలుగుసార్లు మించకూడదు.

దీనికి యాప్‌లు అక్కర్లేదు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. మందు పేరు, సమయం, ఎన్ని మి.లీ., ఎవరు వేశారు అని నాలుగు గడులు చాలు. కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టినా సరిపోతుంది. ఆయాకు లేదా డే కేర్‌కు చెప్పేటప్పుడు నోటిమాటతో సరిపెట్టకండి, ఆమెకు చదవడం వచ్చిన భాషలో రాసి ఇవ్వండి. చదవడం రాకపోతే సిరంజి మీద మోతాదు దగ్గర రంగు గీత పెట్టి, ఆమె చేత ఒకసారి కొలిపించి చూడండి.

ఊరి నుంచి వచ్చే తాతయ్యలు, నానమ్మల మందుల సంచి కూడా గమనించండి. చక్కెర వ్యాధికి వాడే గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్ర ఒక్కటి మింగినా చిన్న పిల్లల్లో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. బీపీ, గుండె మందులూ అంతే. దిండు కింద, టీవీ పక్కన, హ్యాండ్‌బ్యాగ్‌లో మందులు వద్దు. ఎత్తైన, తాళం వేసే అర ఒకటి వారికి కేటాయించండి. పిల్లలకు మందును "చాక్లెట్" అని చెప్పి మింగించే అలవాటు మానుకోండి.

మెడికల్ షాపులోనూ, డెలివరీ సంచిలోనూ

చీటీ ఫోటో పంపితే పావుగంటలో మందు గుమ్మం ముందుకు వస్తోంది. వేగం మంచిదే, కానీ కౌంటర్ దగ్గర అడిగే రెండు మాటలు పోయాయి. సంచి తెరిచాక చీటీ పక్కన పెట్టి మందు పేరు, బలం, గడువు తేదీ మూడూ సరిచూడండి. "ఆ కంపెనీ లేదండీ, ఇది కూడా అదే" అని వేరే బ్రాండ్ ఇస్తే తప్పేమీ లేదు, కానీ లోపలి మందూ, దాని బలమూ ఒకటేనా అని అడగండి. 2023 ఆగస్టు 1 నుంచి దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ ఉండాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. స్కాన్ చేస్తే మందు జనరిక్ పేరు, తయారీదారు, బ్యాచ్ నంబర్, గడువు తేదీ తెలుస్తాయి.

ఆసుపత్రిలో చేర్చినప్పుడు

పిల్లను ఆసుపత్రిలో చేర్చాక "ఇక అంతా వాళ్లే చూసుకుంటారు" అని ఊపిరి పీల్చుకోవడం సహజం. నర్సులు ఒకేసారి చాలా మంది పిల్లలను చూస్తుంటారు, షిఫ్టులు మారతాయి, ఫోన్లు మోగుతుంటాయి. మీరు చూసుకునేది ఒక్క బిడ్డనే. అందుకే మీ కళ్లకు కనిపించేది వారికి కనిపించకపోవచ్చు.

నర్సులకు నేర్పే సూత్రం ఒకటుంది: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. ఈ అయిదింటినీ మీరూ గమనించవచ్చు.

• చేరిన రోజే బరువు కిలోల్లో కొలిచి కేస్ షీట్‌లో రాశారో లేదో చూడండి. ఏ మందు పడదో, ఇంట్లో ఏమేం వాడుతున్నారో రాసి ఇవ్వండి. ఆయుర్వేద, హోమియో మందులు కూడా దాచకండి.
• చేతి పట్టీ మీద పేరు, నంబరు సరిగ్గా ఉన్నాయా? మందు ఇచ్చే ముందు పట్టీ చూడాలి. ఒకే వార్డులో ఇద్దరు ఆద్యలు, ముగ్గురు విహాన్‌లు ఉండటం ఇప్పుడు మామూలే.
• "సిస్టర్, ఇది ఏ మందు? దేనికి?" అని ప్రతి ఇంజెక్షన్‌కూ అడగండి. నిన్నటిదాకా తెల్లగా ఉన్న మందు ఇవాళ పసుపు రంగులో కనిపిస్తే ఆపి అడగండి.
• నోటి ద్వారా ఇచ్చే మందు సెలైన్ గొట్టంలోకి పోకుండా వేరే సిరంజి వాడతారు. ఏది ఎక్కడికో తెలియకపోతే మీరు స్వయంగా చేయి పెట్టకండి. సెలైన్ వేగం మీరు మార్చకండి.
• ఇంటికి పంపే రోజు తొందరంతా ఇన్సూరెన్స్ అనుమతి మీదే ఉంటుంది. డిశ్చార్జి సమ్మరీ పట్టుకుని కూర్చుని ఒక్కో మందూ అడగండి. ఏది కొత్తది? పాతవాటిలో ఏది ఆపాలి? ఏది ఎన్ని రోజులు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అయిదు సందర్భాల్లో ఆగి అడగమంటుంది: మందు మొదలుపెట్టేటప్పుడు, వేసుకునేటప్పుడు, ఇంకో మందు చేర్చేటప్పుడు, వాడుతున్నవాటిని సమీక్షించేటప్పుడు, ఆపేటప్పుడు.

అడిగితే డాక్టర్ గారు ఏమనుకుంటారో అన్న సంకోచం మనలో ఉంది. వైద్యుణ్ని దేవుడితో సమానంగా చూసే సంస్కారం మనది. గౌరవం ఉంచుకునే అడగవచ్చు. "డాక్టర్ గారూ, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో ఒకసారి చెప్తాను, వినండి" అని మీకు అర్థమైంది తిరిగి చెప్పండి. తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది. మంచి డాక్టర్లు దీన్ని ఇష్టపడతారు.

బడికి మందు పంపేటప్పుడు

చదువుకునే పిల్లల సంచిలో మందు పెట్టి "లంచ్ తర్వాత వేసుకో" అని పంపడం చాలా ఇళ్లలో జరుగుతోంది. దయచేసి అలా చేయవద్దు. ఆ మాత్ర పక్క బెంచీ స్నేహితుడి నోట్లోకి వెళ్లవచ్చు. తప్పనిసరిగా బడి వేళల్లో ఇవ్వాల్సిన మందైతే:

• అసలు సీసా లేదా స్ట్రిప్‌తోనే, లేబుల్ చిరగకుండా, పెద్దవాళ్ల చేతే మెడికల్ రూమ్‌కు అందజేయండి.
• డాక్టర్ చీటీ కాపీ, పిల్లల పేరు, తరగతి, సెక్షన్, మోతాదు, సమయం రాసిన మీ సంతకంతో ఉన్న లేఖ జత చేయండి.
• ఉదయం ఇంట్లో జ్వరం మందు వేసి పంపితే ఆ సంగతి, సమయం డైరీలో రాయండి. లేకుంటే మధ్యాహ్నం ఒళ్లు కాలితే ఎంత వ్యవధి గడిచిందో నర్సుకు తెలియదు. జ్వరం ఉన్న పిల్లలను ఇంట్లోనే ఉంచడం ఇంకా మంచిది.
• ఉబ్బసం, మూర్ఛ, మధుమేహం, తీవ్రమైన అలర్జీ ఉన్న పిల్లల వివరాలు ఏటా కొత్తగా నింపి ఇవ్వండి. నిరుటి బరువుతో ఈ ఏడు మోతాదు లెక్క కుదరదు.

పొరపాటు జరిగిపోతే

భయంతో దాచవద్దు. నింద ఎవరిదో తేల్చుకునే సమయం కూడా కాదు. వేసిన మందు సీసా లేదా స్ట్రిప్ చేతిలోకి తీసుకోండి. ఎంత, ఎన్ని గంటలకు వెళ్లిందో రాయండి. వెంటనే మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి లేదా ఆసుపత్రికి వెళ్లండి. బలవంతంగా వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు తాగించకండి. బిడ్డ బాగానే ఆడుకుంటోందని ఆగకండి. పారాసిటమాల్ ఎక్కువైతే మొదటి రోజు పెద్దగా లక్షణాలు కనిపించకపోవచ్చు, దాని విరుగుడు మందు మాత్రం మొదటి 8 గంటల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది.

లేపినా లేవని మత్తు, నెమ్మదించిన శ్వాస, నీలం రంగుకు తిరిగిన పెదవులు, ఫిట్స్ కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

మందు వల్ల అనుకోని హాని జరిగినట్టు అనిపిస్తే తల్లిదండ్రులు కూడా కేంద్ర ప్రభుత్వ ఔషధ పర్యవేక్షణ కార్యక్రమానికి తెలియజేయవచ్చు. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. ఆసుపత్రిలో జరిగితే అక్కడి క్వాలిటీ విభాగానికి రాతపూర్వకంగా చెప్పండి. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉన్న ఆసుపత్రులు మందుల పొరపాట్లను నమోదు చేసి, మళ్లీ జరగకుండా చర్యలు తీసుకోవాలి. మీరు రాసిన ఒక పేజీ వల్ల రేపు ఇంకో బిడ్డకు అదే మందు మారకుండా ఉండవచ్చు.

కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకోండి

1. ఇది ఏ మందు? బ్రాండ్ పేరు కింద ఏముంది?
2. దేనికి ఇస్తున్నారు?
3. మా బిడ్డ బరువుకు ఎన్ని మి.గ్రా.? ఈ సీసాలో అది ఎన్ని మి.లీ.?
4. రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు?
5. ఇప్పటికే వాడుతున్న మందులతో కలిపి వేయవచ్చా?
6. చివరిసారి ఎవరు, ఎన్ని గంటలకు వేశారు?

ఈ ఆరు ప్రశ్నలకు జవాబు దొరికాకే మూత తీయండి. దీనికి ఒక్క నిమిషం చాలు.